అడవి బడిలో సగటు బరువు

ఒక పెద్ద అడవిలో, సింహం గారి కచేరీకి ఆమడ దూరంలో ఓ బడి ఉండేది. ఆ బడికి ధవళమ్మ అనే కొంగ నర్సమ్మగా వచ్చింది. తెల్లబట్టలు కుట్టించే పని లేదు కనుక ఉద్యోగం వెంటనే ఇచ్చేశారు.

వచ్చిన వారానికే, డేగ తరిమితే కుందేలు పిల్ల బూరెమ్మ బొరియలో దూరబోయి నడుం దగ్గర ఇరుక్కుపోయింది. ధవళమ్మ అడ్డంపడి ముక్కుతో పొడిచింది కాబట్టి డేగ పారిపోయింది. నలుగురు పట్టి లాగితే గానీ పిల్ల ఊడి రాలేదు.

"ఏం తింటున్నావే తల్లీ?"

"క్యాంటీన్లో తేనె జిలేబీలు నర్సమ్మా. పొద్దున ఆరు, ఆటల పీరియడ్లో ఆరు."

"ఆటల పీరియడ్లో ఆడరూ?"

"లెక్కలు చెప్తారు. మేం తింటూ వింటాం."

ధవళమ్మ త్రాసు తెచ్చింది. పిల్లలందర్నీ తూచింది. కోతి పిల్లలకైతే చెట్టెక్కడానికి నిచ్చెన కావలసి వస్తోంది. తిన్నగా హెడ్మాస్టరు దగ్గరకు వెళ్లింది. ఆయన సూక్ష్మయ్య అనే నక్క.

"మాస్టారూ, జిలేబీలు ఆపించండి. పిల్లల్ని ఆడుకోనివ్వండి. ఈసారి డేగ వస్తే నేను దగ్గర ఉండకపోవచ్చు."

"బొద్దుగా ఉంటేనే బడికి కళ నర్సమ్మా," అన్నాడు సూక్ష్మయ్య.

"పసివాళ్ల తిండికి దిష్టి పెడతావేంటమ్మా?" అని క్యాంటీన్ నడిపే ఎలుగుబంటి తేనేశ్వరరావు కళ్లు ఒత్తుకున్నాడు.

ధవళమ్మ ఊరుకోలేదు. కచేరీకి రాసింది. ఉత్తర్వు వచ్చింది: నెల లోపల పిల్లల సగటు బరువు తగ్గాలి, లేకుంటే హెడ్మాస్టరుకు ఎడారికి బదిలీ.

తేనేశ్వరరావు గోలపెట్టాడు. "ఇక జిలేబీలు ఆపెయ్యాలా?"

"ఎవరాపమన్నారయ్యా? సగటు తగ్గాలన్నారు గానీ, పిల్లలు తగ్గాలనలేదుగా!" అన్నాడు సూక్ష్మయ్య.

మర్నాడే బడిలో మూడు వేల చీమల్ని చేర్చుకున్నారు. హాజరు పిలవడం అయ్యేసరికి సాయంత్రం గంట కొట్టేవారు.

"మాస్టారూ, ఇదేం అన్యాయం? పిల్లలు రవ్వంత కూడా చిక్కలేదు!" అంది ధవళమ్మ.

"పిల్లలు చిక్కకపోతేనేం, లెక్క చిక్కిందిగా! ఇక్కడ సంతకం పెట్టు."

"పెట్టను."

సూక్ష్మయ్య ఆ సగటు కాగితం మీద తన పంజా ముద్రే వేసి కచేరీకి పంపించాడు.

కాగితం చూసి సింహం గారు జూలు పీక్కున్నారు. "బడి పిల్ల బరువు ఉసిరికాయంతేనా? పసివాళ్ల కడుపు మాడ్చేస్తున్నారన్నమాట! ఎవడా క్యాంటీన్ వాడు?"

"మహాప్రభో, నేను ఎక్కువే తినిపించానండీ!" అని తేనేశ్వరరావు నేలమీద పడి దొర్లాడు.

"కాగితం మీద అలా లేదే," అన్నారు సింహం గారు.

క్యాంటీన్ మూతపడింది. సూక్ష్మయ్య ఎడారి దారి పట్టాడు. జిలేబీలు దొరక్క పిల్లలు మొదట ఏడ్చారు. తర్వాత నేరేడు పళ్ల కోసం కొమ్మలెక్కారు, రేగుపళ్ల కోసం గుట్టలు దాటారు. రెండు నెలలకు ధవళమ్మ తూచబోతే ఒక్కరూ చేతికి దొరకలేదు.

పిల్లల్ని పస్తులు పెట్టినందుకు సంజాయిషీ చెప్పమని ఆవిడకూ ఓ మెమో వచ్చింది. దాన్ని రెక్క కింద దోపుకుని, పిల్లల వెంట పరుగెత్తింది.

నీతి: నిజం రాస్తే ఉత్తర్వు వస్తుంది, పని జరగాలంటే మాత్రం ఎవరో ఒకరు అబద్ధం రాయాలి.