లేచిన కాలికే ఎక్స్‌రే

మనిషికి గౌరవం దక్కాలంటే పదవి అక్కర్లేదు, చీలమండ వాస్తే చాలు!

నవ్వకండి. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు కుర్చీ జరిపిన పాపాన పోయినవాడు లేడు. కుడి చీలమండ బత్తాయంత వాచిందో లేదో, మేనేజర్ స్వయంగా స్టూల్ తెప్పించి కాలు పెట్టుకోమన్నారు. సాక్షాత్తూ మేనేజర్!

అసలు సంగతి మీకు మాత్రమే చెబుతున్నాను. ఆఫీసు మెట్లు దిగుతూ, మెట్లెక్కడం గుండెకు ఎంత మంచిదో చెప్పే వీడియో ఫోన్లో చూస్తున్నాను. మెట్లు అయిపోయాయనుకున్నాను. ఇంకోటి ఉంది. ఈ వయసులో మెట్టు తప్పి పడ్డానని చెప్పుకుంటే పరువేం కావాలి? అందుకే అడిగినవాళ్లందరికీ, "ఏం లేదు, కాస్త వాచింది" అన్నాను. కారణం వెతికే పని వాళ్లకే వదిలేశాను.

వాళ్లు ఊరుకుంటారా! "యూరిక్ యాసిడ్ సార్, మా మామగారికీ అచ్చం ఇంతే" అన్నాడు క్యాషియర్, నా కాలు చూడకుండానే. పక్కింటి మాస్టారు కిడ్నీల మీద పడ్డారు. "రక్తం గడ్డ కట్టిందేమో బావా, అశ్రద్ధ చెయ్యకు" అని మా బావమరిది ఫోన్లోనే నా ప్రాణం సగం తీశాడు.

నేను యూరిక్ యాసిడ్‌ని ఎంచుకున్నాను. ఎంత హుందా అయిన జబ్బు! మెట్టు తప్పినవాణ్ణి చూసి నవ్వుతారు. యూరిక్ యాసిడ్ ఉన్నవాడి ముందు గొంతు తగ్గించి మాట్లాడతారు. అయినా బావమరిది మాట మాత్రం లోపల తొలుస్తూనే ఉంది. నాకు నిజంగా భయం వేసింది. పడిన సంగతి తెలిసిన నాకే!

చివరికి మా ఆవిడ ఆస్పత్రికి లాక్కెళ్లింది.

"ఎక్కడైనా పడ్డారా?" అన్నారు డాక్టరు.

"అబ్బే!"

"నొక్కితే నొప్పిగా ఉందా?"

"ఏం లేదండీ" అన్నాను, పళ్లు బిగించి.

ఆయనకు నమ్మకం కుదరలేదేమో, ఎక్స్‌రేకి పంపారు. అక్కడి అమ్మాయి, "నొప్పి ఉన్న కాలు బల్ల మీద పెట్టండి సార్" అంది. కుడికాలు ఎత్తబోయాను. కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. మీరే చెప్పండి, కాలు పెట్టమంటే లేచే కాలే కదా పెడతాం!

"ఇదేనా సార్?"

"ఇదే."

డాక్టరు ఫిల్మ్ చూశారు, నా కాళ్లు చూశారు. "మీ ఎడమకాలు భేషుగ్గా ఉంది. కుడికాలి సంగతేంటి?"

మా ఆవిడ వంగి, వాపు మీద వేలితో ఒక్క నొక్కు నొక్కింది. నా కేకకు వరండాలో కూర్చున్న రోగులందరూ లేచి నిలబడ్డారు.

"పడ్డారు కదూ?" అంది.

"పడ్డాను."

"ఆ ముక్క మొదటిరోజే ఏడిస్తే పోయేదిగా!" అంది. అంటూంటే ఆవిడ కళ్లల్లో నీళ్లు. రక్తం గడ్డ మాట బావమరిది ఆవిడకు కూడా చెప్పాడట.

రెండో ఎక్స్‌రేలో ఎముకకు సన్నటి పగులు కనిపించింది. గట్టి కట్టు కట్టారు. అంతటితో నా వైభవమూ ముగిసింది. "మెట్టేనా సార్?" అని క్యాషియర్ నిట్టూర్చాడు. స్టూల్ మేనేజర్ గదిలోకి వెళ్లిపోయింది.

ఇంట్లో మాత్రం మా ఆవిడ నా కాలికింద రెండు దిళ్లు సర్ది, "నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"ఏం లే..." అన్నాను అలవాటుగా.

ఆవిడ వేలు కట్టు వైపు కదిలింది.

"ఉంది, ఉంది!" అన్నాను.