అరవై కిందికి పడిన ఫిల్టరు

ఆ సోమవారం పొద్దున నీళ్ల ఫిల్టర్ల వ్యాపారి చేతిలో ఉన్నవి యాభై రెండేళ్ల వయసు, రెండు కిడ్నీలు, ఒక భార్య, ఆరేళ్లుగా మాటల్లేని ఒక బావమరిది. రక్తపరీక్ష రిపోర్టు తెచ్చుకుని తొమ్మిదికల్లా షాపు తెరవాలన్నది ఆనాటి ఏర్పాటు.

రిపోర్టులో 'ఈజీఎఫ్ఆర్' దగ్గర యాభై నాలుగు అని, పక్కనే అరవై పైన ఉండాలని ఉంది. అదేమిటని అడిగితే, కిడ్నీలు రక్తాన్ని వడపోసే వేగమని ల్యాబు అమ్మాయి చెప్పింది. వడపోత అన్నాక ఇక ఆయనకు ఒకరు చెప్పేదేముంది? ధార అరవై శాతం కిందికి పడితే ఫిల్టరు మార్చాల్సిందేనని ఇరవై ఏళ్లుగా అందరికీ చెబుతున్నది ఆయనే. షాపుకు 'మరమ్మతుల కోసం సెలవు' అని బోర్డు తగిలించి ఇంటికొచ్చాడు.

"ఒకటి మార్చాలి" అన్నాడు.

భార్య వంటింటి కుళాయి వైపు చూసింది. ఆయన తన నడుము చూపించాడు. ఆవిడ ఏడుస్తూ తమ్ముడికి ఫోన్ చేసింది.

ఆ తమ్ముడు పక్క వీధి షాపులో ఫిల్టరు కొన్నందుకే ఆరేళ్లుగా మాటలు తెగాయి. మధ్యాహ్నానికల్లా గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకు రెండున్నాయి. ఒకటి తీసుకో బావా."

వ్యాపారి అతన్ని లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేశాడు. అయినా అలవాటు పోదు కదా. "వాడకం ఎలా ఉంది?" అని అడిగాడు.

"మందు లేదు, సిగరెట్ లేదు. అక్క మీద ఒట్టు."

మర్నాడు ముగ్గురూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. ఆవిడ ఆరా తీస్తే, షాపులో బాత్రూమ్ లేదని ఆయన రోజుకు రెండే గ్లాసుల నీళ్లు తాగుతున్నాడని, మోకాలి నొప్పికి మూడు వారాలుగా సొంతంగా మాత్రలు మింగుతున్నాడని తేలింది.

"ధార తగ్గితే మీరు ముందు ఫిల్టరు మారుస్తారా, నీళ్లు వస్తున్నాయో లేదో చూస్తారా?"

కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో ఎంత మిగిలిందో చూసి ఆ వేగాన్ని లెక్కగడతారని, ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పరని ఆవిడ వివరించింది. నొప్పి మాత్రలు ఆపి, సరిగా నీళ్లు తాగి, పది రోజులకు మళ్లీ రమ్మంది.

బావమరిది అప్పటికే చొక్కా చెయ్యి మడిచి ఉన్నాడు. మళ్లీ తిరగడమెందుకు, నాకూ చేసేయండన్నాడు. చేశారు.

పది రోజులకు బావకు ఎనభై నాలుగు వచ్చింది. బావమరిదికి రెండోసారి చూసినా నలభై తొమ్మిదే. పైగా మూత్రంలో ప్రొటీన్ పోతోంది. బీపీ చూస్తే నూట డెబ్బై.

"ఏ నొప్పీ లేదు కదండీ" అన్నాడతను నెమ్మదిగా.

"ఇది చెప్పి రాదు. రెండేళ్లు ఆగి వచ్చుంటే నా చేతిలో ఉండేది కాదు. ఇప్పుడైతే బీపీ మాత్ర వాడి, ఉప్పు తగ్గిస్తే నిలబెట్టుకోవచ్చు."

బయట మెట్ల మీద బావమరిది ఆగాడు. "నువ్వు నీ రిపోర్టు సరిగా చదివుంటే నేను జన్మలో రక్తం ఇచ్చేవాణ్ని కాదు బావా."

వ్యాపారి అతని చెయ్యి పట్టుకుని మెట్లు దించాడు. భార్య ఇద్దరినీ చూస్తూ కళ్లొత్తుకుంది.

చివరికి తేలిందేమిటంటే, ఇవ్వడానికి వచ్చినవాడికి తన రెండూ దక్కాయి, పుచ్చుకోవడానికి కూర్చున్నవాడికి బావమరిది దక్కాడు. ఆయన ఇన్నేళ్లలో వేసిన లెక్కల్లో ఇంత లాభం తెచ్చింది ఇదొక్కటే, అదీ తప్పు లెక్క.