కాంటన్‌లో గొడవలు చల్లగా ఉండాలి!

పక్క రాష్ట్రంలో ప్రభుత్వం కూలిపోవడం కంటే శుభవార్త ఏముంటుంది చెప్పండి? హాంకాంగ్‌లో కాపురముంటున్న మనమంతా పొద్దున్నే లేచి కాంటన్ వైపు తిరిగి దణ్ణం పెట్టుకోవాలి!

నేను చైనావాణ్ణే, హాలోవెల్ దొరగారి దగ్గర దుబాసీని. కాంటన్‌లో ఎవరు ఎవరిని తరిమేశారో లండన్‌కు రాసి పంపడం దొరగారి ఉద్యోగం. అక్కడ ఫిరంగి పేలితేనే ఇక్కడ ఆయనకు ఆకలి వేస్తుంది. మధ్యలో ఒక నెల ఎవరూ ఎవరినీ తరమలేదు. పాపం, మనిషి సగమైపోయారు! "ఏదో దాస్తున్నారోయ్ మీవాళ్ళు" అంటూ నావైపు అనుమానంగా చూశారు.

చివరికి దేవుడు కరుణించాడు. కొత్త సేనాపతి ఊళ్ళోకి వచ్చాడు, పాత సేనాపతి పడవెక్కాడు. ఆ హడావుడిలోనే లూక్ తాయ్ అనే ఆవిడ, ఓ పట్టు వ్యాపారి భార్య, భర్త పోయినావిడ, ముసలి అత్తగారిని వెంటబెట్టుకొచ్చి మా మేడమీద వాటాలో దిగింది.

దొరగారు ఆవిడను టీకి పిలిచారు. కల్లోలం నుంచి పారిపోయి వచ్చిన మనిషి నోట మన ప్రశాంతత గురించి నాలుగు మంచి మాటలు వినాలని ముచ్చట!

"ఇక్కడెలా ఉందో అడుగు" అన్నారు నాతో.

"ఉక్కగా ఉంది నాయనా" అంది లూక్ తాయ్. "మా అత్తకి ఉబ్బసం. ఆ ఇరుకు గదిలో నడుం వాల్చలేకపోతోంది. కొండమీది గాలి తగిలితే తేరుకుంటుందన్నాడు వైద్యుడు. అక్కడేదో ఇల్లు ఖాళీగా ఉందట, ఇప్పించమను."

నేను దొరగారికి చెప్పాను. దొరగారు కప్పు కింద పెట్టారు.

"కొండమీద చైనావాళ్ళు ఉండకూడదు. నౌకర్లయితే ఫరవాలేదు. చట్టం ఉంది."

"ఓస్, చట్టమేగా! ఎప్పుడు మారుస్తారట?"

"ఇక్కడ చట్టాలు ఊరికే మారవు. అదే మన గొప్పతనం. గట్టిగా చెప్పు!"

లూక్ తాయ్ ఆయన్ను జాలిగా చూసింది. "అయ్యో, పెద్ద చిక్కే! మా ఊళ్ళో పనికిమాలినవాడు గద్దెనెక్కితే, పోన్లే, చలికాలం దాకా ఓర్చుకుందాం అనుకుంటాం. ఇక్కడ ఏ కాలం దాకా ఓర్చుకోవాలో అడుగు బాబూ."

"ఏమంటోంది?"

"టీ బాగుందంటోంది దొరా."

ఆవిడ ఎన్నాళ్ళో ఉండలేదు, మళ్ళీ కాంటన్‌కే మూటలు కట్టేసింది. రేవులో అత్తగారు ఆయాసపడుతూనే నన్ను కేకేసింది. "ఒరేయ్, నువ్వూ రారాదూ? మా పెరట్లో హాయిగా గాలొస్తుంది. అప్పుడప్పుడూ గుండ్లు కూడా వస్తాయనుకో!"

నేను వెళ్ళలేదు. ప్రశాంతత మరిగినవాణ్ణి కదా! కాంటన్ మనుషులకు నిలకడ లేదని, సుఖపడటం చేతకాదని దొరగారు లండన్‌కు రాశారు.

మొన్న దొరగారి కుక్కకు ఎగశ్వాస పట్టుకుంది. వెంటనే కొండమీదికి మార్చారు. కుక్కల గురించి చట్టం ఏమీ అనలేదు. గొలుసు పట్టుకోవడానికి ఒక నౌకరు కావాలి కాబట్టి నేనూ వెళ్ళాను.

వైద్యుడు అబద్ధం చెప్పలేదండీ. గాలి చాలా బాగుంది.