ఇంగ్లీషు అవతారం

నరసాపురంలో తోడేలు సినిమా చూడాలంటే చేయవలసిన పనులు ఇవి. ముందు సీడీల షాపుకు వెళ్లి, పేరు తెలియదు గనక కథ చెప్పాలి. పదిహేడేళ్ల కుర్రాడు ఒంటినిండా జుట్టు మొలిచి తోడేలైపోతాడండీ, నవ్వుల సినిమా అండీ అంటే షాపువాడు దెయ్యాల సీడీ ఇస్తాడు. అది తిరిగిచ్చేయాలి. భీమవరంలో లేదనిపించుకోవాలి. రాజమండ్రి వెళ్లాలి. దొరికాక, మన ఇంట్లో ప్లేయర్ లేదని గుర్తు తెచ్చుకుని, కేబుల్ ఆపరేటర్ అచ్చిబాబు గారి మెట్లెక్కి, లోకల్ ఛానల్లో వేయమని బతిమాలాలి.

ఇవన్నీ చేశాను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ని గనక ఏ పనైనా వరసగా చేస్తాను. చేశాక తెలిసిందేమంటే, సినిమాను సగంలో ఆపేసే కేబుల్ ఆపరేటర్ సమాజానికి వరం!

నవ్వకండి. ఆఖరిదాకా చూసి బాగుపడ్డవాణ్ని ఒక్కణ్ని చూపించండి. ముగింపు తెలిస్తే మనిషి ఆలోచిస్తాడు. ఆలోచిస్తే నిద్ర పట్టదు. నిద్ర పట్టనివాడు రొయ్యల చెరువు కాపలాకు తప్ప ఎందుకు పనికొస్తాడు?

అచ్చిబాబు గారు సీడీ అట్ట చూశారు. మనిషి ఒళ్లు, మృగం ముఖం. ఏటా అంతర్వేది నరసింహస్వామి తీర్థానికి వెళ్లే భక్తుడికి ఇంకో ఆలోచన ఎలా వస్తుంది?

"తోడేలండీ," అన్నాను.

"స్వామిని అలా అనకూడదు మాస్టారూ," అన్నారు.

శనివారం ఉదయం తెర కింద 'నరసింహస్వామి వారి భక్తి చిత్రం, ఇంగ్లీషులో' అని అక్షరాలు పరిగెత్తాయి. పక్కింటి పెద్దావిడ తలుపులమ్మ గారు మా ఇంటికొచ్చి, టీవీకి హారతిచ్చి కూర్చున్నారు. జుట్టు మొలిచిన ముఖం కనబడగానే లెంపలేసుకున్నారు. కాసేపటికి అనుమానమొచ్చి ఫోన్ చేశారు.

"స్వామి జీన్స్ ప్యాంటు వేసుకున్నాడేంటి అచ్చిబాబూ?"

"ఇంగ్లీషు అవతారం కదండీ, అలాగే ఉంటారండి." ఆయన గొంతు గదంతా వినిపించింది.

"ఆడపిల్లతో డాన్సు కూడా చేశాడయ్యా."

అటువైపు ఫోన్ పెట్టేశారు. తెర మీద ఆ కుర్రాడు అదే ముఖంతో స్కూలు గేటు ముందు నిలబడి, వెళ్లాలా వద్దా అని చూస్తున్నాడు. అంతలో అచ్చిబాబు గారి బావమరిది గృహప్రవేశం వీడియో మొదలైంది. ఆవు గడప దాటింది. కుర్రాడు గేటు దాటాడో లేదో తెలియలేదు. అపచారం జరిగిందని అచ్చిబాబు గారు ఆ సీడీని గోదావరిలో నిమజ్జనం చేశారు.

ఇంతకీ సినిమా నా కోసం కాదు. మా చెల్లెలు ఇంటర్ చదువుతోంది. ఒంట్లో ఏదో తేడా చేసి పైపెదవి మీద, గడ్డం మీద జుట్టు వస్తోంది. మందులు వాడుతోంది. "ఏంటి బాబాయ్, షేవింగ్ అయ్యిందా?" అని గేటు దగ్గర పిల్లలు అంటుంటే కాలేజీ మానేసింది. ఆ సినిమా సంగతి స్నేహితురాలు చెబితే, చూపించమని నన్ను అడిగింది.

"ఆ అబ్బాయి లోపలికి వెళ్లాడా అన్నయ్యా?"

"వెళ్లే ఉంటాడమ్మా."

"నువ్వు చూశావా?"

జుట్టు ముఖానికి హారతిచ్చిన తలుపులమ్మ గారు వెళ్తూ వెళ్తూ మా అమ్మకు ఒక సలహా ఇచ్చారు: "నలుగురూ చూస్తారు, పిల్లను బయటికి పంపకు."

దేవుడైతే దండం, ఆడపిల్లైతే తలుపు గడియ. ఇంత చక్కని ఏర్పాటు చెడకుండా ఉండాలంటే ఏ సినిమా కూడా ఆఖరిదాకా ఆడకూడదు!

కానీ మా చెల్లెలు, ముగింపు ఎవరూ చూడలేదు గనక తనే వెళ్లి చూస్తానంటోంది. సోమవారం కాలేజీకి వెళ్తుంది. మీ పిల్లలూ అక్కడే చదువుతుంటారు. గేటు దగ్గర కనబడితే, ఆ అమ్మాయి పేరు భవ్య అని గుర్తుపెట్టుకోమనండి. పేరు రాయమంది తనే.