అందరికీ ప్రసాదం

విశాఖ పక్కన పెందుర్తిలోని ఒక అర్చక శిక్షణ పాఠశాలలో సుమంత్ గుమాస్తా. ఆ శుక్రవారం ఉదయం ఏడింటికే ప్రిన్సిపాల్ అప్పలాచార్యులుగారు అతణ్ణి గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు.

"పదకొండింటికి దేవాదాయ శాఖ కమిటీ నుంచి రాధమ్మగారు వస్తున్నారయ్యా. ఆడవాళ్లకీ, అన్ని కులాలవాళ్లకీ ప్రవేశం ఉందని ప్రకటన ఇచ్చారా అని అడుగుతారు. ఇవ్వు."

"ఇస్తానండీ. బోలెడుమంది వస్తారు."

"రాకూడదు," అన్నారు ఆచార్యులుగారు. "ఎవరూ చదవని చోట పెట్టు. పిలిచాం, రాలేదు అని రాసేద్దాం."

అక్కడ చదివే పాతికమందీ ఆయన బంధువులే. సుమంత్ కాంట్రాక్టు పొడిగించాల్సిందీ ఆయనే. అందుకని సుమంత్ మారు మాట్లాడకుండా, తన కాలనీ డ్రైనేజీ ఫిర్యాదుల వాట్సాప్ గ్రూపు తెరిచాడు. అందులో ఎవరూ ఎవరికీ జవాబిచ్చి రెండేళ్లయింది. 'ప్రవేశం' అని రాయబోయి 'ప్ర' అని కొట్టగానే ఫోను తనకు అలవాటైన మాట అందించింది. సుమంత్ చూసుకోకుండా పంపేశాడు.

"కుల, లింగ భేదం లేకుండా అందరికీ ఉచిత ప్రసాదం. ఈ రోజు ఉదయం పది గంటలకు, పెందుర్తి అర్చక శిక్షణ పాఠశాలలో. ఆధార్ తప్పనిసరి."

ఆ మెసేజీ ఫోను నుంచి ఫోనుకి పాకిపోయింది. తొమ్మిదిన్నరకి గేటు ముందు స్టీలు క్యారేజీల మోత మొదలైంది. సముద్రపు ఒడ్డునున్న యారాడ నుంచి రెండు ఆటోల నిండా వలలు లాగే ఆడవాళ్లు దిగారు. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్ల కుర్రాళ్లు, షిఫ్టు దిగిన స్టీలు ప్లాంటువాళ్లు, మూడు చక్రాల బండిలో ఒక పెద్దాయన కూడా వచ్చారు.

"పెసాదానికి ఆధారేటి బావా?"

"గవర్నమెంటు పులిహోరేమో!"

సుమంత్ ఫోను తీసి తను పంపింది చదువుకున్నాడు. వంటాయన వరహాలు దగ్గరికి పరుగెత్తాడు.

"పులిహోర కలుపు వరహాలూ!"

"ఎంతమందికండీ?"

"గేటు అవతల రోడ్డు కనపడేదాకా!"

తోపులాట ఆపాలంటే టోకెన్లు ఇవ్వాలి. ఆఫీసులో అచ్చయి ఉన్న కాగితాలు ప్రవేశ దరఖాస్తులే. అవే పంచి, పేరు రాసి సంతకమో వేలిముద్రో పెట్టి వరసలో నిలబడమన్నాడు.

సరిగ్గా అప్పుడే రాధమ్మగారి కారు వచ్చింది. అరగంట ముందే. మోకాళ్ల మీద కాగితాలు పెట్టుకుని శ్రద్ధగా రాస్తున్న జనాన్ని చూసి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇంతమంది దరఖాస్తుదారులా, ఆచార్యులుగారూ!"

 ఆవిడ ముందు వరసలో ఉన్న చిట్టెమ్మ అనే ఆమెను పలకరించారు. "ఎందుకొచ్చావమ్మా?"

"పెసాదానికమ్మా."

"విన్నారా! విద్యను ప్రసాదమంటోంది!" అని కళ్లు తుడుచుకుని, పక్కనున్న కోచింగ్ కుర్రాణ్ణి అడిగారు. "నువ్వు బాబూ?"

"ఆకలేస్తందండీ."

"జ్ఞానం కోసం ఆకలి!" అంటూ ఆవిడ కలం తీసి, రెండొందల పదమూడు దరఖాస్తుల మీదా అక్కడికక్కడే 'మంజూరు' అని సంతకం పెట్టి వెళ్లారు.

మధ్యాహ్నానికి గుండిగ ఖాళీ అయింది, ఆవరణా ఖాళీ అయింది. ఆచార్యులుగారు గుండెల మీద చెయ్యి వేసుకున్నారు. "తిన్నారు, పోయారు. రేపు ఒక్కరూ రారు."

అరుగు మీద మాత్రం ఒక ముసలామె కూర్చునే ఉంది. పేరు నూకాలు.

"ప్రసాదం అయిపోయిందమ్మా," అన్నాడు సుమంత్.

"నాను పెసాదానికి రానేదు బాబూ. అంటే, వచ్చినాను, తిన్నాను. కానీ ఏలిముద్ర ఏసే ముందు కాయితం మా మనవరాలు ఆశ సేత సదివించుకున్నాను. పూజ నేర్పుతారంట గదా! యారాడలో మా అమ్మోరికి నలబై ఏళ్లుగా నానే పూజ సేత్తన్నాను. మంత్రాలడిగితే మగోళ్లు నవ్వుతారు. పాటమెప్పుడు?"

ఆ గొంతులో వేడుకోలు లేదు. బస్సు టైము అడిగినట్టు అడిగింది. సుమంత్‌కు ఎందుకో నిటారుగా నిలబడాలనిపించింది.

ఆచార్యులుగారు గొంతు సవరించుకున్నారు. "ఒక్కరి కోసం తరగతి నడవదమ్మా."

"ఒక్కదాన్నేటి బాబూ? మా ఊరోళ్లు పదకొండు మంది గేటు కాడ సేతులు కడుక్కుంతన్నారు."

ఆయన సుమంత్ వైపు చూశారు. సుమంత్ మంజూరైన దరఖాస్తుల కట్ట చేతికిచ్చాడు. మూడు గంటలకు మొదటి పాఠం మొదలైంది. ఆచార్యులుగారు ఒక్కసారి చెప్పిన శ్లోకాన్ని ఆ పన్నెండు మందీ వల లాగే ఊపులో అప్పజెప్పేసరికి, పాతికమంది బంధువులూ కిటికీల్లోంచి తొంగి చూశారు.

సోమవారం సుమంత్‌కు కమిటీ నుంచి ప్రశంసాపత్రం, ఆచార్యులుగారి నుంచి మెమో అందాయి. రెండింటిలోనూ కారణం ఒకటే రాసి ఉంది: 'ప్రకటన అందరికీ చేరేలా ఇచ్చినందుకు.'