గవరయ్య తరుగు

రండి, దగ్గరికి జరిగి కూచోండి. ఆ బీడీ ఆర్పండి, ఆ సెల్లులో పాట ఆపండి. కోడళ్ళ మీద చాడీలు తర్వాత చెప్పుకోవచ్చు, కోడళ్ళెక్కడికీ పోరు. నోళ్ళు మూశారా? సరే.

గవరయ్య రోజూ డ్యూటీ ఎక్కిన కాసేపటికి ఆవిరైపోయేవాడు, సాయంత్రం సైరను కూసేసరికి మళ్ళీ మనిషై ఇంటికి పోయేవాడు. ఇందులో ఎవరికీ వింతేమీ కనబడలేదు. నట్లూ బోల్టులూ చేసే ఆ ఫ్యాక్టరీలో జిడ్డు కడిగే తొట్టి మీద ఏళ్ళ తరబడి వంగి పనిచేసినవాడికి ఆ తొట్టిలో సరుకు గుణం పట్టకుండా ఉంటుందా? చేపల బుట్ట మోసేవాడికి చేపల వాసన పట్టినట్టే ఇదీ.

ఆ సరుకు పేరు ట్రైక్లోరోఇథిలీన్. నోరు తిరగనివాళ్ళు ట్రైకో అంటారు. చూడ్డానికి మంచినీళ్ళు, వాసనకి తీపి. కాసేపు పీలిస్తే కల్లు తాగినట్టు తల తిరుగుతుంది, ఇంకాసేపు పీలిస్తే తిరగడానికి తల ఉన్న సంగతే గుర్తుండదు, ఆపైన లేపినా లేవరు. కింద హీటరు పెట్టి మరిగిస్తే ఆవిరి లేచి బోల్టుల జిడ్డంతా లాగేస్తుంది. తొట్టి అంచు చుట్టూ చన్నీళ్ళ గొట్టం ఉంటుంది. ఆవిరి దానికి తగిలి, చుక్కలై, మళ్ళీ లోపలికే కారుతుంది. గవరయ్య కూడా అంతే. లేచేవాడు, తగిలేవాడు, కారేవాడు. సైరనుకి ముందు ఫోర్‌మేను సూర్నారాయణ హీటరు కట్టేసి, అడుగునున్న గవరయ్యని బక్కెట్లోకి పట్టేవాడు. ట్రైకో పల్చన, గవరయ్య కాస్త చిక్కన, కాబట్టి కలిసిపోయే బెంగ లేదు. నీడలో కాసేపు ఆరబెడితే లేచి చొక్కా తొడుక్కునేవాడు. ఆవిరిగా ఉన్నంతసేపూ హాజరు పడేది.

జాగ్రత్తల బోర్డు మాత్రం గోడ మీద నిలువెత్తున ఉండేది. తొట్టి మూత తీసి వదలకూడదు. దగ్గర్లో వెల్డింగు చెయ్యకూడదు, మంట తగిలితే ఆ ఆవిరి మనుషుల్ని చంపే వాయువవుతుంది. మామూలు రబ్బరు తొడుగులు వేసుకోకూడదు, ట్రైకో వాటిలోంచి దూరిపోతుంది. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే దోమలు ఆగుతాయి, ఆవిరి ఆగదు. ఆ ఆవిరి గాలికంటే బరువు, పల్లం చూసుకుని కూచుంటుంది. అందుకని గోతిలో ఎవరైనా పడిపోతే వెనకాల ఊరికే దూకకూడదు, దూకితే ఇద్దర్ని మొయ్యాలి. ముఖ్యంగా తొట్టి దగ్గర ఫ్యాను పెట్టకూడదు, గాలి విసిరితే ఆవిరి గొట్టాన్ని దాటి బయటికి పోతుంది. చాలా మంచి బోర్డు. ఏటేటా సేఫ్టీ వారోత్సవానికి దానికి పసుపు రాసి దండ వేసేవారు.

ఎంత జాగ్రత్తగా పట్టినా తరుగు కొంత ఉండేది. ఒకరోజు చెవి తమ్మె లేకుండా వచ్చేవాడు, ఒకరోజు కనుబొమ లేకుండా. భార్య పైడమ్మ గుమ్మంలోనే నిలబెట్టి చూసుకునేది.

"ఈయేల ఏటి ఒగ్గేసొచ్చినావు మావా?"

"సిటికినేలు గోరు."

"గోరే గదా. రా, కూడు తిను."

గోళ్ళూ కనుబొమలూ పోతే పోయాయి. పైడమ్మకి కావలసింది ఒక్కటే. వీధి మలుపు తిరగ్గానే గవరయ్య సైకిలు మీంచి "ఓలి పైడీ! నానొచ్చేసినాన్లే!" అని కేకేసేవాడు. పెళ్ళైన కొత్తలో సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు ఆ కేక వినబడితేగానీ పొయ్యి మీద ఎసరు పెట్టదు.

ఆ ఎండాకాలం భద్రత తనిఖీకి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. పెద్దమనిషి మన గడపలో చెమట కారుస్తూ నిలబడితే మనకి మర్యాదా?

"ఒరే, ఆ ఫ్యానట్రండి!" అన్నాడు సూర్నారాయణ.

"బోర్డు మీద ఒద్దనుంది గదా బావూ," అన్నాడు బోల్టులు మోసేవాడొకడు.

"బోర్డుకి సెమట పడతాదేట్రా? సేఫ్టీ సూడ్డానికొచ్చిన బావుకే గాలి నేకపోతే ఇంకేటి సేఫ్టీ?"

పెళ్ళిపందిట్లో పెట్టే పెద్ద స్టాండు ఫ్యాను తెచ్చి, తొట్టి వెనకాల నిలబెట్టి, ఇన్‌స్పెక్టరు గారి మొహం మీదికి తిప్పారు. ఆయన కళ్ళు మూసుకుని "అబ్బా" అన్నారు. గాలి వసతి సంతృప్తికరం అని రాసుకున్నారు. గవరయ్యలో కొంత ఆయన చొక్కా పక్కనుంచి, తలుపులోంచి, గేటు దాటి, పల్లం చూసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం సైకిలు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. పైడమ్మ ఎగాదిగా చూసింది. కాళ్ళున్నాయి, చేతులున్నాయి.

"కేకెయ్యనేదేటి మావా?"

"ఏ కేక?"

ఆ పూట ఎసరు పడలేదు. ఇద్దరూ అటుకులు నమిలారు.

తెల్లారి పైడమ్మ ఫ్యాక్టరీకి పోయి సేఫ్టీ ఆఫీసరు చక్రధర్ ముందు నిలబడింది. ఆయన మంచివాడు, కుర్చీ వేయించాడు.

"మరిగే సరుకన్నాక తరుగుంటుందమ్మా. పాలు కాస్తే తగ్గవా?"

"పాలు తగ్గితే మీగడైనా కడతాది బావూ. మా మావ మీద ఏటి కట్టింది?"

"తరుగు హద్దులోనే ఉందమ్మా. పైగా గేటు దాటింది. గేటు దాటింది మాది కాదు, పర్యావరణానిది."

"ఆ బావు ఏ ఈదిలో ఉంటాడు? నానెల్లి అడుగుతాను."

చక్రధర్ నిజాయితీగానే కిటికీలోంచి పల్లపు వీధి వైపు చెయ్యి చూపించాడు.

"పోనీ, ఆ ఫ్యానన్నా తీయించండి."

"అదెలా కుదురుతుందమ్మా? ఫ్యాను తిరుగుతుండగా సంతృప్తికరం అని రాశారు. తీసేస్తే రూలు తప్పినట్టు కాదూ?"

ట్రైకో నీళ్ళకంటే కూడా బరువు. నేలలోకి ఇంకి, నీళ్ళ అడుక్కి దిగి, ఏళ్ళైనా కదలకుండా కూచుంటుంది. గవరయ్య కూడా అక్కడే దిగాడు. పల్లపు వీధి బోరింగు ఆ అడుగు నుంచే తోడుతుంది. పైడమ్మ వెళ్ళేసరికి జోగమ్మ అనే ముసలమ్మ బోరింగు కొట్టుకుని, దోసెడు తాగి, మూతి తుడుచుకుని, "ఓలి పైడీ! నానొచ్చేసినాన్లే!" అని అరిచింది.

"ఓలమ్మా, అది మా మావ కేక! నాకిచ్చీ."

"నీదేటి? నిన్న సందేల కాణ్ణించి ఈదీదంతా అరుస్తన్నాం. మా కోడలు పురిటి మంచం మీదా అదే అరిసింది, మంత్రసాని పారిపోయింది. ఆ పైడి ఎవుతో అని ఎతుకుతన్నాం."

"నానే."

"నువ్వా! అయితే ఇల్లిక్కడికి మార్సీయే. ఆపమంటే మా వొల్ల కాదు, ఇంకో బోరింగు మాకు నేదు."

పైడమ్మ బిందెడు నీళ్ళు మోసుకెళ్ళి గవరయ్యకి పట్టించింది. కేక వచ్చింది. మర్నాడు తొట్టి దగ్గర మళ్ళీ పోయింది.

"ఉజ్జోగం మానీ మావా."

"మానీసి? ఆవిరైపోయే మనిసికి ఇంకెవుడు పనిస్తాడే?"

అదీ నిజమే. పైడమ్మ పల్లపు వీధిలో ఇల్లు తీసుకుంది. సాయంత్రం వీధంతా కేకేస్తుంటే ఎసరు పెట్టేది. గవరయ్య రోజురోజుకీ పల్చబడి వచ్చేవాడు, వీధి రోజురోజుకీ గవరయ్యలా తయారయ్యేది. ఒకడు ఆయన నడక నడిచేవాడు, ఒకామె ఆయనలా మెడ గోక్కునేది. అందరి కళ్ళూ పచ్చబడ్డాయి. ఆసుపత్రిలో డాక్టరు ఒకే రోగంతో ఇంతమందిని చూసి, మీరంతా ఒకే కుటుంబమా అని అడిగి, వంశపారంపర్యం అని రాశాడు.

ఒక సాయంత్రం సైకిలు మీద సూర్నారాయణ వచ్చాడు. చేతిలో గవరయ్య చొక్కా ఉంది.

"అప్పా, ఈయేల బక్కెట్లో ఏటీ పేరుకోనేదు. హాజరు మాత్రం ఏసేసినాం. రేపు కూడా ఏస్తాం, నువ్వేటీ బెంగపడకు."

పైడమ్మ చొక్కా మడిచి చంకలో పెట్టుకుంది. బిందె తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళి, వరసలో నిలబడి, తన వంతు రాగానే కొట్టుకుని, దోసిలి పట్టి తాగింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ తాగింది. వరసలో వెనకున్నాయన కూడా ఆమె పక్కనుంచి చెయ్యి చాపి దోసెడు పట్టుకుని, నాలుకతో చప్పరించి చూశాడు.

"మీ ఆయన మంచోడే అప్పా," అన్నాడు, "గానీ కూసింత ఉప్పు తక్కువయినాడు."