అసేల నేర్చిన తమిళం

ఆ ఉదయం యాళిని వేసుకున్న పథకం చిన్నదే. జాఫ్నా నుంచి మొదటిసారి తన గడప తొక్కుతున్న తండ్రికి వేడివేడి ఇడియాప్పం పెట్టాలి. సింహళీయుడైన భర్త అసేల నోరు విప్పకుండా చూడాలి. కూతురు సింహళ కుర్రాణ్ణి చేసుకుందని శివపాదం మాస్టారు ఇన్నేళ్లూ కాండీ వైపు కన్నెత్తి చూడలేదు. మనవరాలి మీద బెంగ ఆగక ఇప్పుడు బయల్దేరాడు.

అసేల మాత్రం మామగారి కోసం గుట్టుగా తమిళం నేర్చుకున్నాడు. ఎవరి దగ్గర నేర్చాడో తలుపు తీశాక గానీ యాళినికి తెలియలేదు.

"వచ్చావా నా బంగారుకొండా!" అన్నాడు అసేల మామగారితో తమిళంలో, చేతులు చాపి. "కాళ్లు నొచ్చాయా బుజ్జీ? ఎత్తుకోనా?"

అవి రోజూ యాళిని రెండేళ్ల పాపతో అనే మాటలే! మాస్టారు కొయ్యబారిపోయాడు. ఉచ్చారణ కుదరలేదేమోనని అసేల గొంతు పెంచాడు.

"అలిగావా కన్నా? బూచాణ్ణి పిలవనా?"

"మీరు కాస్త ఊరుకోండి!" అంది యాళిని సింహళంలో.

"ఆయనకి అర్థమవుతోందే! కళ్లెంత పెద్దవి చేశారో చూడు."

మాస్టారు తినడానికి కూర్చోగానే, అసేల ఇడియాప్పంలో కొబ్బరిపాల పులుసు కలిపి, ముద్ద ఎత్తి పట్టుకున్నాడు. "ఆఁ అను. ఇది చందమామకి."

మాస్టారు దిగ్గున లేచాడు. ఇక వెళ్లిపోతాడనుకుంది యాళిని. అసేల ఇంకోలా అనుకున్నాడు.

"ఉచ్చొస్తోందా? పద పద, నేను తీసుకెళ్తా!"

బడిపిల్లలు మాస్టారి నీడ చూసినా పారిపోయేవారు. తల్లి పోయాక ఆయన్ని బుజ్జీ అన్నవాళ్లే లేరు. మళ్లీ కూర్చున్నాడు. మెల్లగా నోరు తెరిచాడు. యాళిని చూస్తూండగానే, అల్లుడు ముద్ద పెట్టాడు.

నమిలి, మింగి, మాస్టారు గొంతు సవరించుకుని సింహళంలో అన్నాడు: "ఇరుపక్షాల నడుమ దీర్ఘకాలంగా నెలకొన్న ప్రతిష్టంభన నేటి ఉదయం తొలగిపోయింది. అల్పాహారం సంతృప్తికరంగా ఉన్నట్లు విశ్వసనీయ వర్గాలు వెల్లడించాయి."

"నాన్నా! నీకు సింహళం ఎప్పుడొచ్చింది?"

"నీ పెళ్లయిన మర్నాడే రేడియోలో వాళ్ల వార్తలు వినడం మొదలెట్టానే," అన్నాడు తండ్రి. "రేపు మనవలు పుడితే తాతకి మాటలు రావనుకోకూడదుగా."

ఇన్నేళ్లూ ఆ కోపం వెనక కూర్చుని ఈయన చేసింది ఇదా అనుకుంది యాళిని.

మధ్యాహ్నం దాకా మామా అల్లుళ్ల మధ్య ఒకవైపు లాలింపులు, ఒకవైపు ప్రకటనలు సాగుతూనే ఉన్నాయి. ఆ ఇంట్లో రెండు భాషలూ సరిగ్గా వచ్చిన యాళినిని మాత్రం ఎవరూ ఒక్క మాటా అడగలేదు.